మొరాయించు మరపడవ

తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, అనగా 61 దినములు, మరపడవలతో సముద్రపు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టి పిల్లలగు కాలమున సముద్రమునకు కొంత విశ్రాంతి నీయవలెనను తలంపుతో ఏర్పడిన నియమమిది. 2015వ సంవత్సరము నుండి ఈ గడువు 61 దినములుగా నడచుచున్నది. తెడ్డుతోను తెరచాపతోను నడచు పాతకాలపు తెప్పకు ఈ నిషేధము లేదు. ఇంజను గల పడవకే కలదు. కావున ఉప్పాడ తీరమున ఈ రెండు నెలలును వలలు బాగుపడును, పడవలకు రంగులు పడును, ఇంజనులు మాత్రము నిద్రించును.

జూన్ 14వ తేదీ అర్ధరాత్రితో గడువు తీరును. తెల్లవారకముందే తీరమంతయు ఒక్కసారిగా మేల్కొనును. మంచుగడ్డలు వచ్చును, డీజిలు డబ్బాలు వచ్చును, వలలు పడవలెక్కును. ఒక్కొక్క ఇంజను దగ్గి, పొగ చిమ్మి, పలుకును. వానిలో ఒకటి రెండు మాత్రము తాడు చుట్టి ఎంత లాగినను పలుకవు. ప్రక్క పడవలు ఒకదాని వెంట నొకటి కెరటము దాటి పోవుచుండగా ఆ పడవ వారు చెమటలు కార్చుచు ఒడ్డుననే నిలిచిపోవుదురు.

ఒక్క దినపు వేట పోయినంతనే ఏమి మునిగినదని దూరముననున్న వారికి తోచవచ్చును. రెండు నెలలు వేట రాబడి లేని ఇంటికి ఆ మొదటి దినముల వేట ఎట్టిదో తీరవాసులకే తెలియును. నిషేధ కాలమునకు రాష్ట్ర ప్రభుత్వమిచ్చు భృతి 2019లో కుటుంబమునకు 10,000 రూపాయలు. 2025లో అది 20,000 రూపాయలైనది. అది గ్రాసమునకు ఆసరాయే కాని వలకును, మంచునకును, డీజిలునకును పెట్టిన పెట్టుబడికి చాలదు. ఇంకొక మాట. ఒడ్డున పలుకని ఇంజను ఒక పూట కూలిని హరించును. నడిసముద్రమున పలుకని ఇంజను ప్రాణము మీదికి తెచ్చును. అందుచేతనే మేము ఈ విషయమును ప్రసంగమునకు తగినదిగా ఎంచితిమి.

మేము చెప్పదలచినవి ముఖ్యముగా రెండు మాటలు. మొరాయించిన ఇంజను చాలవరకు చెడిపోయిన ఇంజను కాదు. దానికి కావలసిన మూడు వస్తువులలో ఏదో ఒకటి దానికి అందుటలేదు. ఏది అందుటలేదో వరుసగా వెదకినచో దొరకును. ఇది మొదటి మాట. జూన్ 15న పలుకని ఇంజను తరచుగా ఏప్రిల్ 15ననే పాడుకు దారి పట్టియుండును. ఇది రెండవ మాట.

ఉప్పాడ పేరు వినగనే పలువురకు జాందానీ చీరలు తలపునకు వచ్చును. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేత ఆ ఊరికి ఒక కన్ను. సముద్రపు వేట రెండవ కన్ను. ఆ సముద్రము అచ్చటి తీరమును కోసివేయుచుండుటయు అందరెరిగినదే. కాకినాడ నుండి ఉప్పాడకు పోవు తీరపు బాట అలల దెబ్బకు పలుమార్లు తెగినది. ఇసుక వెడల్పు తగ్గిన కొలది పడవను నీటికి దూరముగా ఈడ్చి పెట్టుకొను చోటు కూడ తగ్గును. ఒడ్డున ఊరక నిలిచియున్న పడవ మీదనే కెరటపు తుంపర పడుచుండును. ఉప్పు కలిసిన ఆ తడిగాలి ఇంజనుకు మొదటి శత్రువు.

ఈ తీరమునకు ఇంజను తరతరముల చుట్టము కాదు. దుంగలు కలిపి కట్టిన తెప్పలు, పలకలను తాటితో కుట్టిన పడవలు - ఇవి ఇచ్చటి పూర్వుల వాహనములు. మన దేశమున చేపల పడవలకు ఇంజనులు అమర్చిన తొలి యత్నములలో, 1952లో ఒడంబడిక జరిగి నేటి కేరళ తీరమున ఆరంభమైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు పేరుగన్నది. అయితే రేవు లేక కెరటములు విరుగుచుండు తీరమున ఇంజను పెట్టుట వేరొక చిక్కు. పడవ ఇసుక మీదికి ఎక్కునపుడు నీటిలోని పంకా నేలకు తగిలి విరుగును. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున, మద్రాసు కేంద్రముగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాము ఇట్టి తీరముల కొరకే పంకాను పైకెత్తుటకు వీలగు చిన్న డీజిలు పడవలను రూపొందించి పరీక్షించినది. నేడు మన తీరమున విరివిగా కనబడునవి ఫైబరు తెప్పలు. ఒక సిలిండరు కలిగి గాలితో చల్లబడు చిన్న డీజిలు ఇంజను, దానికి పొడవైన ఇనుప కడ్డీ, కడ్డీ చివర పంకా - ఇదియే వానిలో పెక్కింటి సరంజామా.

ఇంజను ఏల పలుకదో తెలియవలెనన్నచో అది ఏల పలుకునో ముందు తెలియవలెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1893లో తన ఇంజనుకు పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున దానిని జయప్రదముగా నడిపి చూపెను. దానిలో విశేషమేమనగా, నిప్పు వెలిగించు సాధనమేదియు లేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పదునారవ వంతుకో ఇరువదవ వంతుకో నొక్కివేయును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు వెచ్చబడుట మనమెరుగుదుము. అట్లే నొక్కబడిన ఈ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. సరిగా ఆ క్షణమున నాజిలు అను సన్నని రంధ్రముల గొట్టము డీజిలును మంచువలె చిమ్మును. వేడిగాలి తగిలి అది తనంతట తానే భగ్గుమనును. ఆ దెబ్బకు పిస్టను క్రిందికి పోవును, ఇంజను తిరుగును.

కావున డీజిలు ఇంజనుకు కావలసినవి మూడు: ధారాళముగా వచ్చు గాలి, వేళకు మంచువలె పడు శుభ్రమైన డీజిలు, గాలిని కారనీయని బిగువైన నొక్కుడు. ఈ మూడును ఉన్నచో అది పలుకక తప్పదు. పలుకలేదన్నచో ఈ మూడింటిలో ఒకటి లోపించినది. మగ్గము మీద పోగు తెగినచో నేతగాడు మగ్గమంతయు విప్పడు. పడుగు వెంట చూపు సాగించి తెగిన చోటు కనుగొని అచ్చట ముడివేయును. ఇంజను విషయమునను మర్యాద అదియే. కాని ఆత్రపడినవాడు పానా చేతబట్టి కనబడిన ప్రతి మరను విప్పును. అప్పుడు ఒక లోపమున్న చోట నాలుగు లోపములగును.

మొదటి మెట్టు చేతికి మసి అంటని మెట్టు. ట్యాంకులో డీజిలు ఉన్నదా? ట్యాంకు క్రింది కాక్ తెరచియున్నదా? ఇంజనును ఆపు మీట ఆపివేసిన చోటనే ఉండిపోయినదా? రెండు నెలల క్రిందట ఆపిన మీటను ఎవరును తలంపరు. గాలి పీల్చు గొట్టమునకు, పొగ గొట్టమునకు తుంపర పోకుండ గుడ్డ క్రుక్కియుండిరా? క్రుక్కిన గుడ్డను తీసిరా? గుడ్డ క్రుక్కని పొగ గొట్టములో కందిరీగ మట్టి గూడు కట్టుట కూడ కలదు. ట్యాంకు మూతకు చిన్న రంధ్రముండును. డీజిలు తగ్గిన కొలది ఆ రంధ్రము గుండ గాలి లోనికి పోవలెను. ఉప్పు, మురికి పేరుకొని అది పూడినచో డీజిలు క్రిందికి దిగదు. ఇంజను పలికి, నాలుగు నిమిషములు నడచి, ఆగిపోయినచో ముందు ఆ మూతను వదులు చేసి చూడవలెను. ఇవి ఏవియు చూడక పంపు విప్పుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుట వంటిది.

రెండవ మెట్టు కంటి పని. ఒకరు తాడు లాగుచుండగా మరియొకరు పొగ గొట్టము వైపు చూడవలెను. ఏ పొగయు రానిచో డీజిలు సిలిండరును చేరుటలేదు. తెల్లని పొగ వచ్చుచు ఇంజను పలుకనిచో డీజిలు చేరుచున్నది కాని మండుటలేదు. అనగా నొక్కుడు చాలదు, లేదా డీజిలులో నీరున్నది. పలికిన పిదప నల్లని పొగ వచ్చినచో గాలి చాలదు. గాలి ఫిల్టరు మూసికొనిపోయినది. మెకానిక్కును పిలిచినపుడు "పలుకుట లేదు" అని మాత్రము చెప్పక, "పొగ లేదు" అనియో, "తెల్లపొగ వచ్చుచున్నది" అనియో చెప్పగలిగినచో అతని పని సగము తీరినట్లే.

పొగ రానిచో మూడవ మెట్టు డీజిలు దారి. నీరు డీజిలు కంటె బరువైనది. కావున ట్యాంకులో చేరిన నీరు అడుగునకు దిగును. ట్యాంకు సగము ఖాళీగా ఉండిన రెండు నెలలలో తడిగాలి లోపలికి పోయి, రాత్రి చల్లదనమునకు చెమ్మగా మారి, అడుగున నిలుచును. ఆ నీటికిని డీజిలుకును నడుమ కంటికి కనరాని సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురువలె తయారగును. ఆ జిగురు ఫిల్టరును పూడ్చివేయును. దీనికి పరీక్ష తేలిక. ట్యాంకు అడుగు నుండి కొంత డీజిలును గాజు సీసాలో పట్టి, కదల్పక కొంతసేపు ఉంచవలెను. అడుగున వేరుగా తేట గీత కనబడినచో అది నీరు. నీరు తేలినచో ట్యాంకును పూర్తిగా దింపి, కడిగి, తుడిచి, క్రొత్త డీజిలు పోసి, ఫిల్టరు మార్చవలెను. పాత ఫిల్టరును దులిపి మరల పెట్టుట లాభము లేని పొదుపు.

డీజిలు శుభ్రముగా ఉండియు రానిచో నాలుగవ మెట్టు. మన మెకానిక్కులు "ఎయిర్ పట్టినది" అందురు. డీజిలు పైపులో గాలి బుడగ చేరినచో పంపు నొక్కినపుడు ఆ బుడగయే ముడుచుకొని సాగుచుండును. డీజిలు ముందుకు పోదు. ట్యాంకు ఒకమారు ఖాళీ అయినను, ఫిల్టరు మార్చినను, పైపు కీలు వదులైనను గాలి పట్టును. దీనిని తీయుటకు ఒక వరుస కలదు. ముందు కాక్ తెరచి, ఫిల్టరు మీది గాలి మరను వదులు చేయవలెను. నురుగుతో కూడిన డీజిలు వచ్చును. బుడగలు లేక తేటగా ధార కట్టిన తరువాత మరను బిగింపవలెను. పిమ్మట పంపు దగ్గరి మరను అట్లే చేయవలెను. చివరకు నాజిలు దగ్గరి పైపు బిరడాను కొద్దిగా వదులు చేసి, ఇంజనును చేతితో త్రిప్పి, అచ్చట డీజిలు చిమ్మిన పిదప బిగింపవలెను. ట్యాంకు వైపు నుండి సిలిండరు వైపునకే ఈ వరుస సాగవలెను. తలక్రిందులు చేసినచో తీసిన గాలి మరల వచ్చును.

అయిదవ మెట్టు చెవి పని. పైపులన్నియు బిగించి, తీరము మీది హోరు అడ్డురాకుండ ఇంజను దగ్గర వంగి, మెల్లగా చేతితో త్రిప్పినచో నాజిలు చిమ్మునపుడెల్ల సన్నని కిర్రుమను శబ్దము వినబడును. ఆ కిర్రు విన్నచో పంపును నాజిలును చాలవరకు బాగున్నట్లే తలంపవచ్చును. వినబడనిచో ఆ రెండింటిలో లోపమున్నది. ఆ పని అంగడిలో పరీక్ష యంత్రమున్న మెకానిక్కుది. ఇచ్చట ఒక హెచ్చరిక తప్పదు. నాజిలు చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో చిమ్మును. చిమ్ముచున్న నాజిలు ముందు అరచేయి పెట్టి చూచుట పెద్ద అపాయము. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటువలె కనబడినను లోపల కండ చెడును. చేయి పోవు స్థితి రావచ్చును. అట్లు జరిగినచో నొప్పి లేదని ఊరకుండక వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను.

తెల్లపొగ వచ్చిన ఇంజనుకు డీజిలులో నీరు లేదని తేలినచో ఆరవ మెట్టు, నొక్కుడు. చిన్న ఇంజనులకు తలపై ఒక మీట ఉండును. అది ఎత్తినచో లోపలి గాలి బయటికి పోయి ఇంజను సులువుగా తిరుగును. దించినచో గాలి నొక్కబడును. మీట దించి మెల్లగా త్రిప్పినపుడు ఒకచోట గట్టిగా అడ్డుపడి, వదలగనే వెనుకకు త్రోయవలెను. అట్లు త్రోసినచో నొక్కుడు బాగున్నది. నూనెలో త్రిప్పినట్లు మెత్తగా జారిపోయినచో గాలి ఎచ్చటనో కారుచున్నది. వాల్వు తుప్పుపట్టి పూర్తిగా మూసికొనకుండవచ్చును. పిస్టను రింగులు పాత నూనె మడ్డిలో అంటుకొనిపోయి ఉండవచ్చును. గాలి గొట్టములో అర చెంచా ఇంజను నూనె పోసి, మీట ఎత్తి కొన్ని చుట్లు త్రిప్పి, మీట దించి మరల చూడవలెను. అప్పుడు బిగువు వచ్చినచో లోపము రింగులది. ఎండిన రింగులకు ఆ నూనెయే కొంత అడ్డుకట్ట కట్టి ఒక్కొక్కసారి ఇంజను పలుకును కూడ. నూనె పోసినను మార్పు లేనిచో లోపము వాల్వులయందు ఉండవచ్చును. అర చెంచాకు మించి పోయరాదు. ఎక్కువ పోసినచో ఆ నూనెయే మండి ఇంజను అదుపు తప్పి పరుగెత్తును. ఇక మీట ఎత్తినను ఇంజను తిరుగనే తిరుగనిచో, అది పట్టివేసినది. బలము చూపరాదు. ఆ పని మెకానిక్కునకే వదలవలెను.

ఆరు మెట్లు చెప్పితిమి. వీనిలో మొదటి నాలుగింటికి రెండు పానాలు, ఒక గాజు సీసా, ఒక గుడ్డపేలిక చాలును. ఒక మెట్టు పూర్తియైన పిదపనే మరియొక మెట్టు. ఒక మార్పు చేసి చూచిన పిదపనే మరియొక మార్పు. రెండు పనులు ఒకేసారి చేసినచో ఇంజను పలికినను దేనివలన పలికినదో తెలియదు. వచ్చే మారు మరల మొదటికే వచ్చును.

చేయరాని పనులు కూడ కొన్ని కలవు. పలుకని ఇంజను గాలి గొట్టము దగ్గర మండుచున్న పేలిక పట్టుటయు, పెట్రోలు పోయుటయు కొందరికి అలవాటు. డీజిలు కారియున్న పడవలో, గాలి వీచు తీరమున, ప్రక్కన వలలు ఉండగా అది అగ్గితో ఆటయే. తాడు లాగునపుడు దాని కొసను చేతికి చుట్టుకొనరాదు. ఇంజను వెనుకకు తన్నినచో తాటితో పాటు చేతిని లాగుకొనును. హ్యాండిలు త్రిప్పువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే ఉంచవలెను.

పడవ వెనుక తగిలించు పెట్రోలు ఇంజనుల మర్మము కొంత వేరు. వానిలో నిప్పు పెట్టునది స్పార్కు ప్లగ్గు. కావున నొక్కుడు సరిగా ఉన్నచో అచ్చట గాలి, పెట్రోలు, నిప్పురవ్వ అను మూడింటిని వెదకవలెను. ప్లగ్గు విప్పి చూచినచో అది తడిసియున్నదా, మసిపట్టియున్నదా, పూర్తిగా పొడిగా ఉన్నదా తెలియును. తడిసినచో పెట్రోలు చేరినది కాని రవ్వ పుట్టలేదు, లేదా అతిగా చేరినది. పొడిగా ఉన్నచో పెట్రోలే రాలేదు. నెలల తరబడి నిలువ ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు సన్నని దారులను మూయును. వరుసగా వెదకుట అను సూత్రము మాత్రము రెండింటికిని ఒక్కటే.

కెరటములో బోర్లపడి ఇంజను మునిగినచో మాత్రము ఈ మెట్లు చాలవు. అప్పుడు గంటలు లెక్క. ఉప్పునీటిలో ఉన్నంతసేపు కంటె పైకి తీసి ఊరక ఉంచినపుడే తుప్పు వేగముగా పట్టును. ఏలయన అప్పుడు దానికి గాలియు తగులును. తీసిన వెంటనే మంచినీటితో కడిగి, మీట ఎత్తి మెల్లగా త్రిప్పి సిలిండరులోని నీరు వెడలించి, ఇంజను నూనెను డీజిలును పూర్తిగా దింపి, క్రొత్తవి పోసి, ఫిల్టర్లు మార్చి, గాలి తీసి, ఆ దినముననే నడుపవలెను. నీరున్నప్పుడు మీట దించి బలముగా త్రిప్పరాదు. నీరు గాలివలె నొక్కబడదు, కడ్డీయే వంగును. క్రొత్త నూనెతో కొంతసేపు నడిపి ఆ నూనెను మరల మార్చవలెను. రేపు చూతమన్నచో ఆ ఇంజను మీద ఆశ వదలుకొనవలసినదే.

ఇక మా రెండవ మాట. ఏప్రిల్ 15న పడవను ఒడ్డుకు చేర్చినవాడు ఇంజనుకు ఒక పూట కేటాయించినచో జూన్ 15న అతడు నిశ్చింతగా ఉండును. ఇంజను వేడిగా ఉండగనే పాత నూనెను దింపివేయవలెను. పనిచేసిన నూనెలో మసియు ఆమ్లములును చేరియుండును; రెండు నెలలు అవి లోపలి లోహమును తినును. క్రొత్త నూనె పోసి కొన్ని నిమిషములు నడిపినచో అది అంతటను వ్యాపించును. ట్యాంకును నిండుగా నింపి చెమ్మకు చోటు లేకుండ చేయవలెను, లేదా పూర్తిగా దింపి ఆరబెట్టవలెను. సగము నింపి వదలుట అన్నిటికంటె చెడ్డది. పైభాగమును మంచినీటి గుడ్డతో తుడిచి, ఆరిన పిదప పలుచగా నూనె పూయవలెను. గాలితో చల్లబడు ఇంజనుల రెక్కల నడుమ ఉప్పు పేరుకొనకుండ చూడవలెను. గాలి గొట్టమునకు పొగ గొట్టమునకు ఎర్రగుడ్డ కట్టవలెను. ఎరుపు ఏలయన, విప్పుట మరువకుండుటకు. వారమునకు ఒకమారు మీట ఎత్తి పది చుట్లు చేతితో త్రిప్పవలెను. విప్పి తీసికొనిపోగల ఇంజనును ఇంటి చావడికి చేర్చుట అన్నిటికంటె ఉత్తమము. బ్యాటరీ గల పెద్ద పడవలలో బ్యాటరీని విడదీసి, కొనలపై పేరుకొన్న పచ్చని చిలుమును తుడిచి, నెలకొకమారు చార్జి చేయింపవలెను.

జూన్ 14వ తేదీ రాత్రి ఇంజనును తొలిసారి పరీక్షించుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు. వారము ముందే ఒడ్డున పలికించి చూచుకొన్నచో మెకానిక్కు దొరకును, సామాను దొరకును. అందరికి ఒక్కరోజే పని పడినచో ఆ మెకానిక్కు మాత్రము ఎన్ని పడవలెక్కగలడు?

సముద్రము మీద ఇంజను ఆగినచో ముందు చేయవలసినది ఇంజను విప్పుట కాదు. లోతు అందినచో లంగరు వేసి, పడవ ముక్కు అలలకు ఎదురుగా ఉండునట్లు చూడవలెను. అడ్డముగా తిరిగిన పడవను అల బోర్లవేయును. అందరును లైఫ్ జాకెట్లు తొడిగికొనవలెను. పిమ్మట నెమ్మదిగా మెట్లు లెక్కింపవలెను. పంకాకు వల చుట్టుకొన్నదేమో కూడ చూడవలెను. ఇంజను పూర్తిగా ఆపి, కడ్డీని పైకెత్తిన తరువాతనే వలను కోయవలెను. ఒక ఫిల్టరు, డీజిలు పైపు ముక్క, రాగి వాషర్లు, రెండు పానాలు, ఒక తాడు - వీనిని నూనె గుడ్డలో చుట్టి మూతగల డబ్బాలో పెట్టుకొన్నవాడు చాలమారులు తనంతట ఒడ్డు చేరగలడు. ఒక తెడ్డు కూడ పడవలో ఉండుట మేలు. ఇంజను వచ్చినంత మాత్రమున తెడ్డు ఆచారమును మానరాదు. సాయము కావలసినచో భారత తీర రక్షక దళము వారి 1554 అను ఫోను సంఖ్య కలదు. దానిని పడవ లోపలి అంచుపై రంగుతో వ్రాసియుంచుట మంచిది. వేటకు పోవునపుడు ఏ దిక్కుగా పోవుచున్నారో, ఎప్పటికి వత్తురో ఇంటివారికి చెప్పిపోవుటయు అట్టిదే. తుపాను హెచ్చరిక విన్న దినమున ఇంజను ఎంత బాగుగా పలికినను ఒడ్డు విడువరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కాకినాడలో రాష్ట్ర ప్రభుత్వపు మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ యున్నది. విశాఖపట్టణమున కేంద్ర ప్రభుత్వపు మత్స్య నావిక శిక్షణ సంస్థకు శాఖ యున్నది. పడవ నడుపుటయు, ఇంజనుల మరమ్మతును నేర్చుటకు యువకులకు ఇట్టి చోట్లు కలవు. తీరమున ఇంటికొక ఇంజనీరు అక్కరలేదు. పదునైదు ఇరువది పడవలకు ఒక్కరైనను క్రమము తెలిసినవారున్నచో చాలును.

ఈ మాటలు తీరవాసులకే కాదు. గోదావరి డెల్టాలో నారుమళ్ళ దగ్గర డీజిలు పంపు పెట్టుకొన్న రైతునకు, పవర్ టిల్లరు కొన్న రైతునకు కూడ ఇవియే వర్తించును. పంట చేనులో ఉన్నంతకాలము పనిచేసి, కోతల పిదప కొట్టములో నెలల తరబడి నిలిచిన యంత్రము తొలకరినాడు మొరాయించినచో కారణములు ఇవియే: ట్యాంకులో నీరు, పైపులో గాలి, గొట్టములో గూడు.

చివరగా ఒక చిన్న సలహా. ప్రతి ఇంజనుకు ఒక నోటు పుస్తకము పెట్టుడు. నూనె ఎప్పుడు మార్చినది, ఫిల్టరు ఎప్పుడు మార్చినది, ఇంజను ఎప్పుడు మొరాయించినది, దేనివలన మరల పలికినది - తేదీతో సహా నాలుగు ముక్కలు. సరంగునకు వ్రాత రాకున్నను ఇంట చదువుకొన్న పిల్లలుందురు. అతడు చెప్పగా వారు వ్రాయవచ్చును. రెండేండ్లు గడచిన పిదప ఆ పుస్తకము తిరుగవేసినచో మీ ఇంజను గుణము మరి ఏ మెకానిక్కును చెప్పలేనంత తేటగా అందు కనబడును. ఈ ఏడు నిషేధ కాలమున పడవకు రంగు వేయుటకు ముందు ఆ పుస్తకమును కొని, మొదటి పుటలో ఇంజను పేరును, కొన్న సంవత్సరమును వ్రాయుడు.